ఒక నంబరు – ఒక ఇల్లు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నెల్లివలస మునిసిపాలిటీ సిబ్బంది గొల్లవీధిలోని ఇప్పిలి సన్యాసమ్మ ఇంట్లో ఉన్న ప్రింటర్‌ను అదుపులోకి తీసుకున్నారు. ఆ సమయానికి ప్రింటర్ ఆపి ఉంది. ప్రతిఘటన జరగలేదు.

ప్రింటర్‌పై ఆరోపణ ఒక్కటే. కమిషనర్ ఇంట్లోని ప్రింటర్‌కు ఏ నెట్‌వర్క్ అడ్రస్ ఉందో దీనికీ అదే ఉంది.

పంచనామా రాసింది శానిటరీ ఇన్‌స్పెక్టర్ పొట్నూరు జోగారావు. ఊళ్లో కుక్కలను పట్టడం, పందులను తరలించడం ఆయన విభాగం పని. ప్రింటర్లను పట్టడం ఏ విభాగం కిందకు వస్తుందో చట్టంలో లేకపోవడంతో ఆ పనీ ఆయనకే అప్పగించారు.

"ఇదేటి ఇడ్డూరం బాబూ," అంది సన్యాసమ్మ. "ఇది నాది. విజీనారంలో కొన్నాను. బిల్లు కూడా ఉన్నాది."

"ప్రింటర్ నీదేనమ్మా. నంబరే నీది కాదు."

"నంబరు దాని కడుపులో కదా ఉన్నాది?"

"అందుకే ప్రింటర్‌తో సహా పట్టుకెళ్తున్నాం. నంబరొక్కటీ ఊడదీసే పనిముట్టు మా ఆఫీసులో లేదు."

స్వాధీనం చేసుకున్న వస్తువును ఇద్దరు మోయాలని నిబంధన. ఇద్దరు కార్మికులు వచ్చారు. గుమ్మంలో ఇద్దరూ పట్టలేదు. వెనక్కి వెళ్లి పక్కవాటుగా మళ్లీ ప్రయత్నించారు. సన్యాసమ్మ కూతురు ఝాన్సీ కాసేపు చూసి, ప్రింటర్‌ను చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. ఝాన్సీకి పదిహేడేళ్లు. వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది.

"దీనికి ఇద్దరేటి మావా? ఎల్లి టీ తాగండి," అంది కార్మికులతో.

వీధిలో చెత్త ఆటో ఆగి ఉంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమనే రికార్డు మోగుతోంది. ప్రింటర్‌ను పొడి చెత్త వైపు పెట్టారు.

"శనివారం లోపల ఇచ్చెత్తారా బాబూ?" అని సన్యాసమ్మ కూతురిని చూపిస్తూ అడిగింది. "శనివారం మా గుంటకి పోటీలు."

"అది విచారణలో తేలుతుందమ్మా," అన్నాడు జోగారావు. ఆటో కదిలింది.

శనివారం ఉదయం జిల్లా కేంద్రంలో యూత్ విభాగం ఎంపికలు ఉన్నాయి. వయసు దాటిన వాళ్లు తక్కువ చేసి చెప్పుకుని పోటీల్లో దిగుతున్నారని, నిర్వాహకులు ఈ ఏడాది పుట్టినతేదీ ధ్రువపత్రం అసలు ప్రతి తెస్తేనే పోటీకి ముందు బరువు తూస్తామని కిందటి వారమే చెప్పారు. ఝాన్సీ పుట్టినప్పుడు వాళ్ల వీధి పంచాయతీలో ఉండేది. అప్పటి చేతిరాత కాగితం ఇప్పుడు చెల్లదు. మునిసిపాలిటీ ఇచ్చే కొత్త కాగితం కావాలి. వచ్చే ఏడాదికి ఝాన్సీకి యూత్ విభాగం వయసు దాటిపోతుంది. శనివారం దాటితే ఆమెకు ఆ విభాగంలో మరో శనివారం లేదు.

కొత్త కాగితం ప్రింటర్ ఉంటేనే వస్తుంది.

ఇది మూడు నెలల కిందటి సంగతి. ధ్రువపత్రాల కోసం మునిసిపల్ కార్యాలయం ముందు రోజూ పెద్ద వరుస ఉండేది. వరుసలు లేని పట్టణంగా నెల్లివలసను తీర్చిదిద్దుతామని కమిషనర్ నిరంజన్‌కుమార్ ప్రకటించారు. పథకం పేరు 'ఇంటింటా ధ్రువపత్రం'. పౌరులు తమ ధ్రువపత్రాలను తమ ఇంట్లోనే ముద్రించుకోవాలి. కార్యాలయం ముద్రించదు. కార్యాలయంలోని ప్రింటర్లను వేలం వేశారు. చేతిరాతతో ఏ ఉత్తర్వూ ఇవ్వరాదని మరో సర్క్యులర్ వచ్చింది. జిరాక్సు షాపుల వాళ్లు దొంగ ధ్రువపత్రాలు తీసే ప్రమాదం ఉందని వాళ్లకు అనుమతి ఇవ్వలేదు.

ఇళ్లలోనూ దొంగ ధ్రువపత్రాలు తీయవచ్చు కదా అని కౌన్సిల్‌లో ఒక సభ్యుడు అడిగారు. దానికి కమిషనర్ దగ్గర సమాధానం ఉంది. ప్రతి ప్రింటర్‌కూ ఇంట్లోని రౌటర్ ఒక నెట్‌వర్క్ అడ్రస్ ఇస్తుంది. అంకెల ముక్కలు నాలుగు, వాటి మధ్యలో చుక్కలు. పౌరులు దాన్ని మునిసిపాలిటీలో నమోదు చేయించుకోవాలి. ధ్రువపత్రం మూలన ఆ నంబరు పడుతుంది. ఏ కాగితం ఏ ఇంట్లో పుట్టిందో దానితో తెలుస్తుంది.

'మీ నంబరు తెలుసుకోండి' వారోత్సవాలు జరిగాయి. బడిపిల్లలు ర్యాలీ తీశారు. మైకు కట్టిన ఆటో వీధివీధీ తిరిగింది. ప్రింటర్ మీద 'ఐ' అనే అక్షరం ఉన్న బొత్తాం నొక్కితే ఒక కాగితం వస్తుందని, అందులో చుక్కలతో ఉన్న అంకెలే నంబరని అది చెప్పింది. బొత్తాం లేని ప్రింటర్లున్నవాళ్లు తెర మీద సెట్టింగులు, అందులో నెట్‌వర్క్ చూడాలి. తెర కూడా లేనివాళ్లు కేబుల్ అప్పన్నను కలవాలి.

సన్యాసమ్మ జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. నెమళ్లు, లతలు ప్రింట్ తీసి గుడ్డ మీద అద్దడానికి ప్రింటర్ కొనుక్కుంది. వారోత్సవాల్లో ఆమె బొత్తాం నొక్కింది. కాగితం వచ్చింది. ఝాన్సీ చదివింది: 192.168.1.5.

"మంచి నంబరేనా?" అని తల్లి అడిగింది.

"నంబరమ్మా. మంచేటి, సెడ్డేటి."

నమోదు చేయించారు. నిబంధన ప్రకారం గుమ్మం మీద ఇంటి నంబరు కింద దాన్ని కూడా రంగుతో రాయించారు. గోడలకు సున్నం వేసే మనిషి చుక్కలు మరిచిపోతే మళ్లీ పిలిపించారు.

ఊళ్లో పందొమ్మిది వందల ఇళ్లు నమోదయ్యాయి. వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాక కమిషనర్ అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు. వేదిక మీద ఆయన, మునిసిపల్ చైర్మన్ యడ్ల లక్ష్మునాయుడు కూర్చున్నారు. కింద అధికారులు, వారితో పాటు కేబుల్ అప్పన్న. ఊళ్లో ఇంటర్నెట్ ఇచ్చేది అప్పన్న ఒక్కడే. రౌటర్లన్నీ అతను ఒకే లారీలో తెప్పించినవి. వైఫై పేరు ఊరంతటికీ ఒకటే, పాస్‌వర్డూ ఒకటే: అతని కూతురి పేరు, ఆమె పుట్టిన సంవత్సరం.

"పందొమ్మిది వందల ఇళ్లు," అన్నారు కమిషనర్. "నంబర్లు మాత్రం అరవై రకాలు. ఒక్క 192.168.1.5 మీదే నాలుగు వందల పన్నెండు ఇళ్లు నమోదయ్యాయి. ఇది వ్యవస్థీకృత అక్రమం. దీని వెనుక ఎంతటివారున్నా ఉపేక్షించేది లేదు."

"అంటే ఒకే ప్రింటర్‌ని నాలుగు వందల ఇళ్లు తిప్పుకుంటన్నాయా?" అని చైర్మన్ అడిగారు.

"ప్రాథమిక సమాచారం అదే."

అప్పన్న లేచాడు. "బాబూ, అది అక్రమం కాదండి. ఆ నంబరు ఎవడింట్లో వాడిదే. గోడ దాటి పనిచెయ్యదు. అన్ని రౌటర్లూ అవే నంబర్లు ఇస్తాయి. ఇప్పుడు ప్రతి సినిమా హాల్లోనూ డి పన్నెండు సీటుంటాది. అలాగని ఊళ్లో రెండు హాళ్లూ ఒకటైపోతాయేటి?"

కమిషనర్ కళ్లద్దాలు తీశారు. "మీ ఉద్దేశం ప్రకారం, ఒకే సీటు నంబరుతో రెండు టికెట్లు అమ్మవచ్చు."

"హాళ్లు వేరు కదండీ."

"పట్టణం ఒకటే కదా."

అప్పన్న చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ తల ఊపుతున్నారు, కమిషనర్ వైపు తిరిగి.

"శ్రీ అప్పన్న గారి అభిప్రాయాన్ని రికార్డు చేయడమైనది," అన్నారు కమిషనర్. "వారి విషయ పరిజ్ఞానం దృష్ట్యా వారిని సాంకేతిక సలహాదారుగా నియమించడమైనది." శాలువా తెచ్చారు. అప్పన్న కప్పించుకున్నాడు. సినిమా హాలు మాట ఆ తరువాత ఎక్కడా ఎత్తలేదు.

సమావేశం చివర తీర్మానం చదివారు. 'ఒక నంబరు – ఒక ఇల్లు.' నంబరులో మొదటి మూడు ముక్కలు అందరికీ ఒకటే. చివరి ముక్క ఒకటి నుంచి రెండు వందల యాభై నాలుగు వరకే ఉంటుందని సలహాదారు చెప్పారు. పెంచడానికి వీలుందా అని అడిగితే తన చేతుల్లో లేదన్నారు. కాబట్టి పట్టణానికి రెండు వందల యాభై నాలుగు ఇళ్లు అర్హమైనవి. మిగతా పదహారు వందల పైచిలుకు ప్రింటర్లు బోగస్. ఏరివేత యుద్ధప్రాతిపదికన చేపట్టాలి.

కేటాయింపులు మొదలయ్యాయి. రెండో నంబరు మునిసిపల్ కార్యాలయానికి రిజర్వు చేశారు. కార్యాలయంలో ప్రింటర్ లేదని గుమాస్తా గుర్తుచేస్తే, నంబరు ఉండటం గౌరవమని చెప్పారు. ఐదోది కమిషనర్ క్యాంపు కార్యాలయానికి వెళ్లింది. ఆయన ఇంట్లో ప్రింటర్‌కు అప్పటికే ఆ నంబరు ఉంది. ఏడోది బస్టాండు ఎదుటి టిఫిన్ హోటల్ యజమాని కొనుక్కున్నారు. తొమ్మిది, తొంభై తొమ్మిది, నూట ఎనిమిది వేలంలో పోయాయి. మిగిలినవాటికి లాటరీ తీశారు. నెలాఖరుకల్లా పెళ్లి సంబంధాల మధ్యవర్తులు అబ్బాయికి ఉద్యోగం, ఇల్లు, నంబరు ఉన్నాయని చెప్పడం మొదలుపెట్టారు.

మొదటి నంబరు చైర్మన్‌ది. మొదటి పౌరుడికి మొదటి నంబరు ప్రోటోకాల్ ప్రకారం రావాలని ఆయనే అన్నారు. పెట్టడానికి అప్పన్న స్వయంగా వెళ్లాడు.

"బాబూ, ఏదైనా పెడతాను గానీ ఒకటి వద్దండి. ఒకటి రౌటర్‌దండి."

"రౌటర్ ఎవడు? మన పార్టీయేనా?"

"మనిషి కాదండి. ఆ మూల మీద నల్ల డబ్బా."

"డబ్బాకి ఒకటీ, నాకు రెండూనా? దానికి ఆఖరిది ఇచ్చెయ్."

"అలాగేనండి," అని అప్పన్న ప్రింటర్‌కు ఒకటి పెట్టి వచ్చేశాడు. ఆ క్షణం నుంచి చైర్మన్ ఇంట్లోని ఫోన్లు, టీవీ ఇంటర్నెట్ కోసం రౌటర్‌ను అడగబోయి ప్రింటర్‌ను అడగసాగాయి. ప్రింటర్ దగ్గర ఇంటర్నెట్ లేదు. సాయంత్రానికి చైర్మన్ భార్య సీరియల్ ఆగిపోయింది. ఇది ప్రతిపక్షం పని అని చైర్మన్ విలేకరులతో చెప్పారు. మర్నాడు అప్పన్న పక్కింటివాళ్ల పేరు మీద ఆయనకు రెండో కనెక్షన్ లాగాడు.

సన్యాసమ్మ లాటరీలో చీటీ వేసింది. రాలేదు. ప్రింటర్ పాత నంబరుతోనే ఉండిపోయింది. మంగళవారం జోగారావు వచ్చాడు.

బుధవారం ఆమె మగ్గం పని పక్కన పెట్టి మునిసిపల్ కార్యాలయానికి వెళ్లింది. ఝాన్సీ వెంట వెళ్లింది. కమిషనర్ గదిలోకి ఇద్దరినీ పంపారు. వరుసలు లేని పట్టణం కావడంతో ముందు ఎవరూ లేరు.

"మా గుంట బస్తా బియ్యం ఎత్తెత్తాది బాబూ," అంది సన్యాసమ్మ. "ఒక కాయితం ఎత్తలేకపోతన్నాది. శనివారం లోపల పుట్టినతేదీ కాయితం నేకపోతే దాని బరువు కూడా తూయరట."

"మీ ఆవేదన మా దృష్టికి వచ్చింది," అన్నారు కమిషనర్. "మీ ప్రింటర్ విడుదలకు మీకు ఒక నంబరు ఉండాలి."

"అయితే నంబరివ్వండి బాబూ."

"నంబరు ఇవ్వాలంటే మీ ఇంట్లో ప్రింటర్ ఉన్నట్టు మా సిబ్బంది భౌతికంగా పరిశీలించాలి."

"మీ సిబ్బందే కదండీ నిన్న భౌతికంగా పట్టుకెళ్లిపోనారు," అంది ఝాన్సీ.

"అందువల్లే ప్రస్తుతం పరిశీలనకు అవకాశం లేదు."

సన్యాసమ్మ కొంగు సర్దుకుంది. "పోనీ బాబూ, నాది కొన్న సొమ్మే కదా. ఒకలింట్లో వస్తువు ఇంకొకలది ఎలాగవుతాది?"

కమిషనర్ సర్క్యులర్ తీశారు. ఫోన్‌లో తీశారు. కాగితం మీద లేదు. "నాలుగో పేరా. 'ప్రింటర్ ఎవరి ఇంట్లో ఉన్నదన్నది అప్రస్తుతం. ఎవరు కొన్నారన్నదీ అప్రస్తుతం. దాని నంబరు ఎవరికి కేటాయించబడినదో ప్రింటర్ వారిదిగా భావించవలెను.' నేనే రాశాను."

"అయితే నా ప్రింటర్ తమరిదా?"

"సాంకేతికంగా నాదే. కాని నాకు ఇప్పటికే ఒకటి ఉంది. కాబట్టి ఇది బోగస్."

సన్యాసమ్మ ఆ పేరాను మళ్లీ చదవమంది. ఆయన చదివారు. ఆమె ఇంకోసారి చదవమంది. ప్రజలు నిబంధనల పట్ల ఇలా ఆసక్తి చూపడం అభినందనీయమని ఆయన మూడోసారి కూడా చదివారు.

బయటికి వచ్చాక ఝాన్సీ అంది: "అమ్మా, అదేటి అన్నిసార్లు సదివించినావు? పాటేటి అది?"

"గుర్తుండాల కదే," అంది సన్యాసమ్మ.

గురువారం మధ్యాహ్నం నెల్లివలసలో కరెంటు పోయింది. అరగంట తరువాత వచ్చింది. రౌటర్లన్నీ ఒకేసారి లేచాయి. ఆ రౌటర్లు చౌక రకం. కరెంటు పోతే అంతకు ముందు ఎవరికి ఏ నంబరు ఇచ్చాయో మరిచిపోతాయి. ఎవరు ముందు అడిగితే వాళ్లకు వరసగా ఇచ్చుకుంటూ పోతాయి. కొన్ని ఇళ్లలో ఫోన్లు ముందు అడిగాయి. కొన్ని ఇళ్లలో టీవీలు అడిగాయి. ప్రింటర్లు నెమ్మదిగా లేస్తాయి.

సాయంత్రానికి జోగారావు తనిఖీలో అర్హమైన ప్రింటర్లలో సగానికి పైగా నంబర్లు మార్చుకున్నట్టు తేలింది. ఆయన వాటిని ఒక్కొక్కటిగా స్వాధీనం చేసుకుంటూ ఆఫీసర్స్ కాలనీ చేరుకున్నాడు. కమిషనర్ ఇంటి గంట నొక్కాడు. లోపలికి వెళ్లి ప్రింటర్ బొత్తాం నొక్కాడు. వచ్చిన కాగితం చదివి, చెత్త ఆటోను వెనక్కి తీసుకురమ్మన్నాడు.

"జోగారావ్, ఇది నా ఇల్లు," అన్నారు కమిషనర్.

"అవునండి. ఎవరి ఇంట్లో ఉందన్నది అప్రస్తుతం అండి. దీని నంబరు ఏడండి. ఏడు హోటలాయనదండి."

"కరెంటు పోయి వచ్చింది కాబట్టి మారింది."

"మధ్యాహ్నంనించి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి చెప్తన్నారండి. సాకులు వినరాదని తమరి ఆరో పేరా అండి."

"మరి నా ఐదు ఎక్కడికి పోయింది?"

జోగారావు ఇల్లంతా వెతికాడు. "దొరికిందండి. అమ్మగారి ఫోన్‌లో ఉందండి. దాన్ని కూడా—"

"ఫోన్ మీద చెయ్యి పడిందంటే చూడు," అని వంటింట్లోంచి వినబడింది.

ఫోన్ల ప్రస్తావన సర్క్యులర్‌లో లేనందున జోగారావు వదిలేశాడు. ప్రింటర్‌ను ఇద్దరు మోశారు. ఈ గుమ్మం వెడల్పుగానే ఉంది.

ప్రింటర్ విడుదలకు కమిషనర్ సంతకంతో ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ముద్రించాలంటే కమిషనర్ పేరు మీద నమోదైన ప్రింటర్ కావాలి. చేతిరాత నిషేధం అమల్లో ఉంది. కమిషనర్ రాత్రి భోజనం తరువాత సర్క్యులర్ మొత్తం చదువుకున్నారు. ఆయన రాసిన దాంట్లో సందులు లేవు.

స్వాధీనం చేసుకున్న ప్రింటర్లను ఊరి చివర కంపోస్టు షెడ్డులో ఉంచారు. శుక్రవారం ఉదయం అక్కడ మూడు వందలకు పైగా ప్రింటర్లు ఉన్నాయి. వాటన్నింటినీ మరోసారి పరిశీలించి, ఏది ఎవరిదో నిగ్గు తేల్చాలని కమిషనర్ నోటిమాటగా ఆదేశించారు. పర్యవేక్షణకు స్వయంగా వచ్చారు. ముక్కుకు రుమాలు కట్టుకున్నారు.

షెడ్డులో ఒకే ప్లగ్గు బోర్డు ఉంది. అప్పన్న ఒక రౌటర్ తెచ్చి ఒక రంధ్రంలో పెట్టాడు. రెండో రంధ్రం ప్రింటర్‌కు. వైఫై పేరు, పాస్‌వర్డు ఊరంతటికీ ఒకటే కాబట్టి ప్రతి ప్రింటరూ తన ఇంటికే వచ్చినట్టు దానికి కలిసిపోయింది. ప్రింటర్ మార్చేటప్పుడల్లా షాకు కొడుతుందని జోగారావు బోర్డు స్విచ్చి కట్టేసి, మార్చి, మళ్లీ వేశాడు. దాంతో రౌటర్ కూడా ఆరిపోయి లేచింది. లేచిన ప్రతిసారీ పాతది మరిచిపోయి మొదటి నుంచి ఇచ్చింది. మొదటిది దానిదే. తరువాతది రెండు.

జోగారావు గట్టిగా చదువుతున్నాడు. గుమాస్తా ఫోన్‌లో ఎక్కిస్తున్నాడు.

"రెండు... ఇదీ రెండు... ఇదీ రెండే..."

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. కమిషనర్ ప్రింటర్‌తో సహా అన్నింటికీ రెండే. నేరస్థులు కస్టడీలో కూడబలుక్కుని ఒకే వాంగ్మూలం ఇచ్చినట్టు ఉందని జోగారావు అన్నాడు. సాంకేతిక సలహాదారు అభిప్రాయం అడిగారు. అప్పన్న షెడ్డు పైకప్పు వైపు చూసి, తమరు ఎలాగంటే అలాగేనండి అన్నాడు.

అప్పటికి సన్యాసమ్మ, ఝాన్సీ గంట సేపటి నుంచి షెడ్డు గేటు దగ్గర ఉన్నారు. తన ప్రింటర్‌ను ఒకసారి చూసుకుంటానని సన్యాసమ్మ అడిగితే కావలి మనిషి కాదనలేదు. ఆమె తన ప్రింటర్ గుర్తుపట్టి, మూత మీద పడిన కంపోస్టు దులిపింది.

"బాబూ," అంది కమిషనర్‌తో. "రెండో నంబరు ఎవలది?"

"మునిసిపల్ కార్యాలయానిది."

"మరైతే ఇవి బోగస్ ఎలాగవుతాయి? ఎవలింట్లో ఉన్నాదో అప్రస్తుతం. ఎవలు కొన్నారో అప్రస్తుతం. నంబరు ఎవలికి ఇచ్చినారో పింటరు వాలదే అని తమరు రాసినారు. నాలుగో పేరా. మూడుసార్లు సదివి ఇనిపించినారు. ఇయ్యన్నీ ఆఫీసు పింటర్లే కదా?"

గుమాస్తా ఫోన్‌లో నాలుగో పేరా తీసి చూశాడు.

"ఆఫీసులో పింటరు నేదు, అందుకే కాయితం ఇవ్వలేం అన్నారు. ఇప్పుడు మూడు వందలున్నాయి. నా గుంట కాయితం ఇందులో ఒకదాంట్లో తీసి ఇవ్వండి. రేపు పోటీలు."

"అమ్మా," అని జోగారావు మెల్లిగా అన్నాడు, "అలాగంటే నీ ప్రింటర్ కూడా ఆఫీసుదైపోద్ది. ఇంక తిరిగి రాదు."

సన్యాసమ్మ ప్రింటర్ వైపు చూసింది. ఝాన్సీ తల్లి మోచెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. జాకెట్లకి ఏటి సేత్తావు?"

"నెమిలిని సేత్తో గియ్యలేనేటి?" అంది సన్యాసమ్మ. "పింటరు కొనక ముందు ఎలాగ గీసినాను?"

కమిషనర్ రుమాలు ముడి సర్దుకున్నారు. తన ప్రింటర్ విడుదల ఉత్తర్వు కూడా ఎక్కడో ఒకచోట ముద్రించాలన్న సంగతి ఆయన మనసులో ఉందో లేదో నిర్ధారణ కాలేదు. "సూత్రప్రాయంగా ఈ వాదనతో ఏకీభవించడమైనది," అన్నారు.

ఝాన్సీ తమ ప్రింటర్‌ను ఎత్తి బోర్డు దగ్గర పెట్టింది. స్విచ్చి వేశారు. గుమాస్తా వివరాలు ఎక్కించాడు. ప్రింటర్ రెండుసార్లు మూలిగి కాగితాన్ని బయటికి తోసింది. ఇప్పిలి ఝాన్సీ, తల్లి పేరు సన్యాసమ్మ, పుట్టిన తేదీ. మూలన 192.168.1.2. జోగారావు మునిసిపల్ ముద్ర వేశాడు. చెత్త రశీదుల మీద వేసే ముద్ర అదే.

అది చూసి గేటు దగ్గర జనం పోగయ్యారు. నంబరు లేక కాగితాలు ఆగిపోయినవాళ్లు పదహారు వందల ఇళ్లలో ఉన్నారు. ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు. కమిషనర్ తన ఉత్తర్వు ముద్రించడానికి బోర్డు వైపు నడిచారు.

"వరుసలో రండి బాబూ," అన్నాడు ముందు నిలబడినవాడు. "హోదాను బట్టి ప్రాధాన్యం ఇవ్వరాదు. మైకులో రోజూ సెప్పినారు."

అది పథకంలో మొదటి నిబంధన. కమిషనర్ వెనక్కి వెళ్లి వరుసలో నిలబడ్డారు. ఆయన వంతు రాకముందే ఐదయింది. కంపోస్టు షెడ్డు ఐదింటికి మూస్తారు.

శనివారం జిల్లా కేంద్రంలో నిర్వాహకులు ఝాన్సీ ధ్రువపత్రంలో పుట్టిన సంవత్సరం చూశారు. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒకాయన పక్కాయనకు ఇచ్చారు. పక్కాయన కిటికీ తెరిచారు. తరువాత ఆమె బరువు తూచారు. ఝాన్సీ స్నాచ్‌లో అరవై ఎనిమిది కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో ఎనభై ఐదు కిలోలు ఎత్తింది. తన బరువు విభాగంలో మొదటి స్థానం. రాష్ట్ర పోటీలకు ఎంపికైంది.

సోమవారం ఉదయం కంపోస్టు షెడ్డుకు 'సమీకృత ముద్రణ కేంద్రం' అని బోర్డు పెట్టారు. చైర్మన్ రిబ్బను కత్తిరించారు. ప్రింటర్లన్నీ ఒకే కప్పు కిందకు తెచ్చిన మొదటి పట్టణం ఇదేనని ఆయన అన్నారు. జోగారావును కేంద్రం ఇన్‌చార్జిగా నియమించారు. అప్పన్నకు రెండో శాలువా కప్పారు. ప్రారంభోత్సవం వల్ల మధ్యాహ్నం దాకా ముద్రణ జరగలేదు.

సన్యాసమ్మ ప్రింటర్ అక్కడే ఉంది. దాని మీద మునిసిపాలిటీ ఆస్తి అని రంగుతో రాశారు.

రాష్ట్ర పోటీలకు నివాస ధ్రువపత్రం కూడా కావాలని ఆదివారం ఝాన్సీ ఫోన్‌కు సందేశం వచ్చింది. సోమవారం మధ్యాహ్నం సన్యాసమ్మ గీయవలసిన జాకెట్ గుడ్డ, పెన్సిలు సంచిలో పెట్టుకుని షెడ్డుకు వచ్చి వరుసలో నిలబడింది. నిలబడి ఉండగానే నెమలిని మెడ దాకా గీసింది. సాయంత్రం ఐదింటికి షెడ్డు మూసేటప్పటికి ఆమె ముందు ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిదో మనిషి కమిషనర్.